నాపరాయి మీద గీత

నాకు మనుషుల్ని నమ్మడం రాదు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగంతో అంటుకున్నది. ఇరవై రెండేళ్లు నాపరాళ్ల క్వారీలో కొలత మేస్త్రీగా చేశాను. లారీ ఎక్కే ప్రతి రాయీ నా టేపు కింద నుంచి పోవాల్సిందే. అంగుళం తక్కువ రాయిని మధ్యలో దూర్చేవాళ్లు, అంచు విరిగిన రాయిని తిప్పి పేర్చేవాళ్లు, నాకు టీ తెచ్చిచ్చి మాటల్లో పెట్టి వెనక నుంచి తక్కువ కొలత సరుకు ఎక్కించేవాళ్లు, అందరినీ పట్టుకున్నాను. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వాడి మొహం కాకుండా వాడి వెనకున్న రాళ్లను చూడటం అలవాటైపోయింది. "పెళ్లిచూపుల్లో నన్ను కూడా టేపు పెట్టి కొలిచేటట్టే చూశాడమ్మా ఈయన" అని మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అబద్ధమేమీ కాదు.

మా ఊరు దుర్గి నుంచి మాచర్ల పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. మంచి రాయి అయిపోయాక క్వారీ మూతపడింది. నీళ్లు తోడే మోటార్లు తీసుకుపోయిన మొదటి వానాకాలానికే గుంట సగం నిండింది. మరుసటి ఏడు వాగు పొంగి గట్టు తెంచుకుని లోపలికి దూకింది. అంతే, చూస్తుండగానే చెరువైపోయింది. ఊళ్లో అందరూ దాన్ని క్వారీ చెరువు అనే పిలుస్తారు. చెరువు అనగానే చల్లటి గాలీ తామరపూలూ ఊహించుకోకండి. నాలుగు వైపులా మెట్లుమెట్లుగా కోసిన రాతి గోడలు, అడుగున ఆకుపచ్చటి నీళ్లు, గట్టు నిండా సర్కారు తుమ్మ, మేం పనికిరావని పక్కన పడేసిన రాళ్ల గుట్టలు. ఎండాకాలంలో ఆ రాళ్ల మీద చెయ్యి పెడితే చర్మం ఊడొస్తుంది.

వాగుతో పాటు కొరమీనులు వచ్చాయి. వాటిని మొదట కనిపెట్టింది మామ. మామ అంటే నాకు చుట్టం కాదు. కృష్ణ అవతలి ఒడ్డున ఉండే ఆయన ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతే, మా వీధిలో ఉన్న చెల్లెలింటికి వచ్చి చేరాడు. అరవై దాటిన మనిషి. క్వారీ నడిచిన చివరి రోజుల్లో రాళ్లు మోశాడు. అంతకుముందు బతుకంతా ఏట్లో చేపలు పట్టినవాడు. మేం రాళ్లు కొట్టడం తప్ప ఏమీ తెలియని వాళ్లం. పని పోయి ఇళ్లల్లో కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్న రోజుల్లో, ఆయన ఆ గుంటలోకి గాలం వేసి మోచేతంత చేపను పైకి లాగాడు. మాకందరికీ గాలం కట్టడం, కప్పపిల్లను ఎరగా గుచ్చడం నేర్పింది ఆయనే. రాతి అంచులకు తగిలి చిరుగుతాయి కాబట్టి వలలు పనికిరావు, గాలాలే. ఓ పదిహేను ఇళ్లవాళ్లం ఆ చెరువు మీద పడ్డాం. కూరకు కూర, మిగిలితే సంతలో నాలుగు డబ్బులు.

ఏడాది తిరక్కుండానే గొడవలు మొదలయ్యాయి. వేలెడంత పిల్లల్ని కూడా ఏరుకుపోతున్నారని ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకున్నారు. నేను మధ్యలోకి దూరి, "ఒరేయ్, రాయికి కొలత లేదూ? చేపకూ కొలత పెడదాం. అడుగు లోపుది ఎవరికి పడ్డా నీళ్లలో వెయ్యాలి" అన్నాను. అందరికీ నచ్చింది. రాళ్ల మనుషులం కదా, కొలత మాట చెబితే ఇట్టే బుర్రకెక్కుతుంది. నీళ్లలోకి దిగే చోట ఓ నాపరాయిని బల్లలా పరిచి, దుర్గిలో శిల్పాలు చెక్కే మా బావమరిదిని పిలిపించి, అంచు నుంచి సరిగ్గా అడుగు దూరంలో గీత చెక్కించాను. ఎంత చక్కటి గీతనుకున్నారు, దారం పట్టినా వెంట్రుకవాసి తేడా రాదు. పడ్డ చేపను దాని మీద పరచాలి. తోక గీత దాటితే నీది, దాటకపోతే చెరువుది.

ఆ రోజు మామ రాయి పక్కనే నిలబడి ఉన్నాడు. "చిన్నయి వదిలిపెట్టుడు మంచిదే అల్లుడా. మరి పెద్దవాటి సంగతేంది?" అన్నాడు.

"పెద్దవి ఉండేది తినడానికే కదా మామా!" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు.

చెప్పుకోకూడదు గానీ, పెద్దవాటిని పట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఓ కిటుకు కనిపెట్టాను. తొలకరి వానలు పడ్డాక చెరువులో అక్కడక్కడా నీళ్ల మీద కారం చల్లినట్టు ఎర్రటి మరక తేలుతుంది. అవి కొరమీను పిల్లలు, వందలకొద్దీ ఒకే ముద్దగా తిరుగుతుంటాయి. వాటి కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ ఎర్రమరక మధ్యలో కప్పను ఆడిస్తే చాలు, ఆకలి లేకపోయినా పెద్దది కోపంతో ఎగిరి పట్టేస్తుంది. దేవుడి దయ, అడుగున్నరకు తక్కువ పడేదే కాదు. గీత మీద పరిచి అందరికీ చూపించి మరీ ఇంటికి తీసుకుపోయేవాణ్ని. చూసి అందరూ నేర్చుకున్నారు. మామ ఒక్కడే, "పిల్లల మీదున్నదాన్ని తియ్యొద్దు అల్లుడా, పాపం" అనేవాడు. పాపపుణ్యాల మాటలు నాకెందుకు? రూలు దాటామా, లేదు కదా.

మూడో ఏడు వచ్చేసరికి చెరువు తేడా చేసింది. గాలానికి పడ్డవి పడ్డట్టే, కానీ అన్నీ అడుక్కి రెండు వేళ్లు తక్కువ. వదిలెయ్, మళ్లీ వెయ్, మళ్లీ అదే కొలత. రోజంతా ఎండలో మాడి ఉత్తి చేతులతో ఇంటికి పోవడమే. నా లెక్క నేను వేసుకున్నాను. చిన్నవాటిని అందరం వదిలేస్తున్నాం. నా కళ్లముందే వదిలేస్తున్నారు. మరి అవి పెరగాలి కదా? పెరిగినవి ఏమవుతున్నాయి? ఎవడో కొట్టేస్తున్నాడు. క్వారీలో రాళ్లు తగ్గినప్పుడల్లా నేను వేసుకున్న లెక్క ఇదే, ఒక్కసారి కూడా తప్పలేదు.

దొంగ ఎవడన్నది తేల్చుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. తెల్లారింది మొదలు నీళ్ల దగ్గరుండేది మామ. ఎవరితో మాట్లాడతాడో గానీ గట్టు మీద నిలబడి ఫోన్లో గుసగుసలు. సంచి ఎప్పుడు చూసినా వాడిపోయిన ఆనపకాయలా ముడుచుకుపోయి వేలాడుతుంటుంది. పొద్దంతా కూర్చునేవాడు సాయంత్రం ఖాళీ సంచితో ఇంటికి పోతాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడతాడు? అప్పుడు గుర్తొచ్చింది, పెద్దవి తియ్యొద్దని మాకు నీతులు చెప్పింది ఈయనే. మాకు తియ్యొద్దని చెప్పి తను తీసుకుంటున్నాడన్నమాట! ఆ ముక్క తట్టగానే నాకు ఒళ్లంతా మండిపోయింది. ఎంతైనా అవతలి ఒడ్డు మనిషి, మన చెరువు మీద ప్రేమ ఎందుకుంటుంది అనుకున్నాను.

నాలుగు రోజులు రాళ్ల గుట్ట వెనక నక్కి కూర్చున్నాను. నలభై ఏళ్లు దాటినవాడు చెయ్యాల్సిన పని కాదది. మా ఆవిడ మజ్జిగ బాటిల్ చేతికిస్తూ, "ఏందయ్యా, ముసలాయన మీద నిఘా పెట్టడానికి నీకేమన్నా జీతమిస్తున్నారా?" అని దెప్పింది. నాలుగో రోజు పది గంటలప్పుడు నాకు కావాల్సింది దొరికింది. మామ గాలానికి పెద్దది పడింది. రెండడుగులు ఉంటుంది, తక్కువ ఉండదు. లాగాడు, గాలం విప్పాడు, రెండు చేతులతో పట్టుకుని కిందిమెట్టు మీదికి దిగాడు. కొలత రాయి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అటూ ఇటూ చూశాడు. నీళ్లలోకి వంగాడు. లేచేసరికి చేతులు ఖాళీ.

నాకంతా అర్థమైపోయింది. మొప్పల్లోంచి తాడు గుచ్చి చేపను నీళ్లలో కట్టేస్తే రోజంతా బతికే ఉంటుంది. బేరగాడు వచ్చినప్పుడు లాగి ఇచ్చెయ్యొచ్చు. ఆయన భోజనానికి పోగానే పరుగెత్తుకెళ్లి ఆ మెట్టు కింద చెయ్యి పెట్టి తడిమాను. తాడు దొరికింది! పాత నైలాను తాడు, కొస నీళ్లలో వేలాడుతోంది. చేప మాత్రం లేదు. అప్పుడే ఎవడికో ఇచ్చేశాడనుకున్నాను. క్వారీ రోజుల్లో మోటారు పైపుల్ని కట్టిన తాళ్లు ఆ గోడల నిండా ఇప్పటికీ వేలాడుతుంటాయి. వాటిలో సగం నా చేత్తో నేను కట్టించినవే. ఆ సంగతి ఆ క్షణంలో నా బుర్రకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున అందర్నీ కొలత రాయి దగ్గరికి పిలిచాను. మామ రాగానే, "సంచి చూపించు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. సంచి భుజం మీంచి తీసి, రెండు చేతులతో మూతి బారుగా తెరిచి నా ముందు పట్టుకున్నాడు. లోపల తువ్వాల, నీళ్ల బాటిల్, అన్నం డబ్బా, ఎర పెట్టుకునే రేకు డబ్బా. ఇంకేమీ లేవు.

"ఖాళీగా ఉందంటేనే దొంగతనం" అన్నాను. "నిన్న రెండడుగుల చేపను పట్టావా లేదా? నా కళ్లతో నేను చూశా. ఏడుంది అది?"

"పట్టిన. వదిలేసిన."

"ఎందుకు?"

"పిల్లల మీద ఉన్నది అది. తెల్వక వేసిన. లాగినంక పిల్లలు పైకి తేలినయి. అవిటిని చూసి వదిలేసిన."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. వారం నుంచి కూరకు నోచుకోని జనం మరి. "రెండడుగులదాన్ని వదిలేశాడంట! మనం మరీ అంత ఎర్రిపప్పల్లాగా కనపడుతున్నామా పెద్దాయనా?" అని ట్రాక్టర్ తోలే కుర్రాడు ఒకడు అరిచాడు. నేను తాడు కొస తీసి అందరికీ చూపించాను. ఇంకేముంది, తీర్పు అయిపోయింది. ఇకమీద ఈ చెరువులో గాలం వెయ్యొద్దని ఆయనకు చెప్పింది నేనే. మాకు గాలం కట్టడం నేర్పిన మనిషికి.

ఆయన సంచి మూతి అలాగే తెరిచి పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి ముడివేసుకుని, చేతిలోని గాలం కర్రను కొలత రాయికి ఆనించి, గట్టెక్కి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత రెంటచింతలలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడని తెలిసింది. మా ఆవిడ నాతో ఒకటే మాట అంది. "సంచిలో చేపుంటే దొంగంటావు, లేకపోయినా దొంగంటావు. ఇంక ఆయన ఏం చేసి చావాలయ్యా?" నేను కసురుకున్నాను.

దొంగ పోయాడు కదా, చెరువు బాగుపడాలి. బాగుపడలేదు. పైగా అడుగు లోపువి కూడా తగ్గాయి. సరే, దొంగ ఒక్కడు కాదేమో అనుకున్నాను. ట్రాక్టర్ కుర్రాడి మీద కన్నేశాను. వాడు నా మీద కన్నేశాడు. నలుగురం గాలాలు వేసుక్కూర్చుంటే ఎవరి చూపూ నీళ్ల మీద ఉండేది కాదు, పక్కవాడి సంచి మీదే.

మళ్లీ తొలకరి వచ్చింది. ఆ ఏడు చెరువు మొత్తానికి ఒక్కటే ఎర్రమరక కనిపించింది. అంతకుముందు ఎన్నో ఉండేవి. నా అదృష్టం కొద్దీ నేను కూర్చున్న మెట్టు ముందే తేలింది. కప్పను వేశాను. రెండో ఆటకే పట్టింది. లాగి గీత మీద పరిచాను. తోక గీత దాటి ఇంకో జానెడు బయటికొచ్చింది. ఎన్నాళ్లకో పడింది, ఎగిరి గంతెయ్యాలనిపించింది. సంచిలో వేసుకుని, బీడీ ముట్టించుకుని, ఊరికే నీళ్ల వంక చూస్తూ కూర్చున్నాను. మామూలుగా అయితే చేప పడగానే వెళ్లిపోయేవాణ్ని. ఆ రోజు కాళ్లు లాగుతుంటే కూర్చున్నాను, అంతే.

ఎర్రమరక ఎక్కడికీ పోలేదు. పెద్దదాన్ని లాగిన చోటే గుండ్రంగా తిరుగుతోంది. పైకి తేలి గుటక గాలి పీల్చుకోవడం, మళ్లీ మునగడం, మళ్లీ అక్కడే తేలడం. అప్పుడు కింద నుంచి ఓ నల్లటి నీడ వచ్చి టప్పున మూతి కొట్టింది. ఇంకోటి ఇటు నుంచి. ఇంకో నాలుగు. అన్నీ అడుక్కి రెండు వేళ్లు తక్కువవి, నేను ఇన్నేళ్లుగా కొలిచి కొలిచి నీళ్లలోకి వదిలినవి. నీళ్లు కుతకుతలాడాయి. ఎదురు గోడ మీంచి రెండు కొంగలు దిగాయి. బీడీ సగం కూడా కాలకముందే ఎర్రరంగు మొత్తం పోయింది. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

మూడేళ్లలో ఇలాంటి మరకలు ఎన్ని చూశాను? ఒక్కోదాని కింద నుంచి ఒక్కో పెద్దదాన్ని లాగి, గీత మీద పరిచి, చూశారా రూలు ప్రకారమే అని చూపించి, ఇంటికి పోయాను. నేను వెళ్లిపోయాక వెనకాల ఇదే జరిగింది, ప్రతిసారీ. తప్పించుకున్న పిల్లలు పెరిగి అడుగు దాటగానే వాటికోసం పదిహేను గాలాలు కాచుకుని ఉన్నాయి. ఇంక పెద్దది ఎక్కడి నుంచి వస్తుంది? పిల్లల్ని పెట్టేదేది, కాచేదేది? రాళ్ల కొలత తెచ్చి ప్రాణమున్నదానికి పెట్టాను. రాయికి తల్లీ పిల్లా ఉండవు. ఆ ముక్క తట్టడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. నేను వెతికిన దొంగ నేనే, దొరికినవాడు మాత్రం మామ.

తెల్లారి మొదటి బస్సుకు రెంటచింతల వెళ్లాను. మామ కూతురింటి ముందు రేకుల పందిరి కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. తొమ్మిదింటికే అక్కడ రేకులు పెనంలా కాలుతున్నాయి. నన్ను చూసి లేవబోయాడు. నేను నిలబడే మొత్తం చెప్పేశాను, తాడు సంగతితో సహా. "తప్పు నాది మామా. రా, పోదాం. అందరికీ నేనే చెబుతా" అన్నాను.

ఆయన అంతా విని, "మరి నిన్న పట్టినదాన్ని ఏం జేసినవ్?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "వండుకున్నాం మామా."

ఆయన తల ఊపాడు. కోప్పడితే బాగుండేది. "నేను రాను అల్లుడా. నువ్వు చెప్తే నమ్ముతరేమో. కానీ నేను నీళ్ల కాడ కూసుంటే అందరి కండ్లు నా సంచిలనే ఉంటయి. ఇంక నాకు గాలం ఎట్ల వెయ్యబుద్ధయితది?" అన్నాడు. తర్వాత కూతుర్ని పిలిచి నాకు మంచినీళ్లు తెప్పించాడు. నేను లేచేటప్పుడు మాత్రం, "పెద్దయి ఉంచు. అడుగు చేప పెట్టే గుడ్లెన్ని, రెండడుగులది పెట్టే గుడ్లెన్ని? పిల్లల కాడికి ఎవర్నీ పోనియ్యకు" అన్నాడు. ఫోన్లో గుసగుసలన్నీ ఈ కూతురితోనేనని అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి ఉలీ సుత్తీ తీసుకుని చెరువు దగ్గరికి పోయాను. అడుగు గీతకు అవతల, అడుగున్నర దగ్గర ఇంకో గీత చెక్కాను. బావమరిదిని పిలవలేదు, నేనే చెక్కాను. వంకరగా వచ్చింది. మొదటి గీత దాటనిదాన్ని వదలాలి, రెండో గీత దాటినదాన్నీ వదలాలి. మధ్యలోదే మనది. ఎర్రమరక కనపడితే అక్కడ గాలమే వెయ్యకూడదు.

జనం నన్ను తిట్టని తిట్టు లేదు. "దొరక్క దొరక్క పెద్దది దొరికితే వదిలెయ్యాలా? నీకేమన్నా పిచ్చెక్కిందా అన్నా?" అన్నారు. మామ సంగతి అందరి ముందూ చెప్పాను. కొందరు తలలు వంచుకున్నారు. కొందరు, "ఇదంతా ముసలాయన నేర్పి పంపించాడు" అన్నారు. చివరికి రెండు వానాకాలాలు చూద్దాం అన్నారు. అది కూడా నమ్మి కాదు, ఎలాగూ చేపలు లేవు కాబట్టి.

అప్పటి నుంచి తొలకరి వస్తే నేను పొద్దున్నే పోయి మెట్టు మీద కూర్చుంటున్నాను. కొంగల్ని అదిలిస్తాను. మామ వదిలేసిపోయిన గాలం కర్ర నా దగ్గరే ఉంది, కానీ ఎక్కువగా వెయ్యను. పోయిన ఏటి వానలకు ఎర్రమరకలు రెండు తేలాయి, ఈసారి నాలుగు. పెద్దది ఒకటి రెండుసార్లు నా గాలానికే పడింది. చుట్టూ ఎవరూ లేనప్పుడు కిందిమెట్టు మీదికి దిగి, వంగి, వదిలేశాను. ఎవరూ లేరనే అనుకున్నాను.

పోయిన వారం సాయంత్రం గట్టెక్కి ఇంటికి వస్తుంటే ట్రాక్టర్ కుర్రాడు దారిలో అడ్డంగా నిలబడ్డాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు.

"అన్నా, ఏమీ అనుకోబాక. సంచి ఒకసారి చూపించు" అన్నాడు.

రక్తం సర్రున తలకెక్కింది. ఈ రాయి పరిచింది నేను, గీత పెట్టించింది నేను, నన్నే అడుగుతాడా అనుకున్నాను. నోటి దాకా వచ్చిన బూతు అక్కడే ఆగిపోయింది. సంచి భుజం మీంచి తీసి, రెండు చేతులతో మూతి బారుగా తెరిచి పట్టుకున్నాను. తువ్వాల, నీళ్ల బాటిల్, అన్నం డబ్బా.

వాడు వంగి చూశాడు. చెయ్యి పెట్టి తువ్వాల కిందా చూశాడు. తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు నేను చూసిన చూపే అది.

"ఖాళీయే" అన్నాడు పక్కవాళ్లతో. "పొద్దుననగా వచ్చాడు. ఖాళీ ఎట్టా ఉంటది?"

వాళ్లు వెళ్లిపోయాక కూడా నేను కాసేపు సంచి తెరిచి పట్టుకునే నిలబడ్డాను.